మహమ్మారి వేళ బడులు తెరవాలా? ఆ నిర్ణయంలో దాగిన ప్రశ్నలు

కోవిడ్ మహమ్మారి వల్ల 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో బడులు, కళాశాలలు మూతపడ్డాయి. యునెస్కో లెక్క ప్రకారం దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు, అంటే చదువుకుంటున్నవారిలో నూటికి తొంభై మందికి పైగా, ఇళ్లకే పరిమితమయ్యారు. మూసివేత చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే జరిగిపోయింది. తెరవడం మాత్రం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా సాగింది. డెన్మార్క్ ఆ ఏప్రిల్ 15నే చిన్న తరగతుల పిల్లల్ని బడికి పిలిచింది; ఉగాండాలో బడులు పూర్తిగా తెరుచుకునేసరికి 2022 జనవరి వచ్చింది. ఒకే వైరస్‌ను ఎదుర్కొంటూ దేశాలు ఇంత భిన్నంగా ఎందుకు నడిచాయన్నది ఇప్పటికీ చాలామందికి అంతుపట్టని విషయమే.

"బడులు తెరవవచ్చా" అని మనం ఒకే ప్రశ్నగా అడుగుతున్నా, అందులో కనీసం మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. బడికి వెళ్లిన పిల్లలకు ఎంత ముప్పు? బడి తెరిస్తే ఊరంతటా వ్యాధి ఎంత పెరుగుతుంది? తెరవకపోతే ఎవరు ఎంత నష్టపోతారు? మొదటిదానికి వైద్యులు, రెండోదానికి వ్యాధి వ్యాప్తిని లెక్కగట్టే శాస్త్రవేత్తలు జవాబు చెప్పగలరు. మూడోదానికి ఉపాధ్యాయులు, ఆర్థికవేత్తలు, అన్నిటికంటే ముఖ్యంగా తల్లిదండ్రులు చెప్పాలి. ఈ మూడింటినీ విడదీయకుండా మాట్లాడినంతకాలం ఒకరు పిల్లల ప్రాణాల గురించి, ఇంకొకరు పిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడుతూ, ఎదుటివారికి ఆ పట్టింపు లేదని అనుకుంటూ ఉంటారు.

బడిలో కేసు, బడివల్ల కేసు

బడులు తెరిచిన మర్నాటి నుంచే "ఫలానా బడిలో విద్యార్థికి పాజిటివ్" అన్న వార్తలు రావడం సహజం. ఆ వార్త నిజమే అయినా, ఆ విద్యార్థికి వ్యాధి బడిలోనే సోకిందని దానికి అర్థం కాదు. ఇంట్లో సోకి బడికి వచ్చి ఉండవచ్చు. ఇలా బయటి నుంచి లోపలికి రావడాన్ని ప్రవేశం అనుకుందాం; వచ్చినవారి నుంచి తరగతిలో మరొకరికి పాకడాన్ని వ్యాప్తి అనుకుందాం. ప్రవేశం ఎంతగా జరుగుతుందన్నది ఊరి పరిస్థితిని బట్టి ఉంటుంది, బడి చేతుల్లో ఉండదు. వ్యాప్తిని తగ్గించడం మాత్రం చాలావరకు బడి చేతుల్లోనే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 500 మంది ఉన్న బడి ఒకటి ఉందనుకుందాం. ఊళ్లో ప్రతి 5,000 మందిలో ఒకరు ఇతరులకు వ్యాధిని అంటించగల స్థితిలో ఉంటే, ఏదైనా ఒక రోజున అలాంటివారు కనీసం ఒకరైనా ఆ బడిలో ఉండే అవకాశం సుమారు 10 శాతం. వెయ్యి మందిలో ఒకరు అలా ఉంటే అది దాదాపు 39 శాతానికి, రెండు వందల మందిలో ఒకరుంటే సుమారు 92 శాతానికి చేరుతుంది. బడిలో ఏమీ మారలేదు. అవే గదులు, అవే జాగ్రత్తలు, అదే సిబ్బంది. ఊరు మాత్రం మారింది. 30 మంది ఉన్న ఒక్క తరగతి గదిని తీసుకుంటే, వెయ్యికి ఒకరున్నప్పుడు ఈ అవకాశం 3 శాతమే. రెండు వందలకు ఒకరున్నప్పుడు 14 శాతం. బడి మొత్తాన్ని కలగాపులగం కానివ్వకుండా తరగతులను విడివిడి గుంపులుగా ఉంచితే, కేసు వచ్చినప్పుడు ఒక్క గదిని ఆపి మిగిలినవాటిని నడపవచ్చన్న ఆలోచన ఈ తేడా నుంచి పుట్టిందే.

ఇది సరళీకరించిన లెక్క. జ్వరం వచ్చిన పిల్లలు ఇంట్లో ఆగిపోతారు, ఒకే ఇంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒకే బడికి వస్తారు, కాబట్టి అసలు అంకెలు కొంత అటూ ఇటూ ఉంటాయి. అయినా ఇది చూపే దిశ మారదు. బడి ఎంత సురక్షితమన్నది బడి గోడల లోపలే తేలే విషయం కాదు.

ఒకే నిర్ణయం, రెండు ఊళ్లు

వ్యాధి సోకిన ఒక్కొక్కరు సగటున ఎంతమందికి అంటిస్తారో చెప్పే సంఖ్యను ప్రసార సంఖ్య అంటారు; వార్తల్లో దీన్నే ఆర్ విలువ అని రాస్తుంటారు. అది 1 కంటే తక్కువైతే వ్యాధి క్రమంగా తగ్గుతుంది, ఎక్కువైతే పెరుగుతూ పోతుంది. బడులు తెరిచినందువల్ల ఈ విలువ 0.2 పెరుగుతుందని ఉదాహరణ కోసం అనుకుందాం. ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి అయిదు రోజులు పడుతుందని (ఈ అయిదు రోజుల్ని ఒక అంచె అందాం), రెండు ఊళ్లలోనూ తొలి అంచెలో వెయ్యి మంది రోగులున్నారని కూడా అనుకుందాం.

మొదటి ఊళ్లో బడులు మూసి ఉన్నప్పుడు ఆర్ 0.7. తెరిస్తే 0.9 అవుతుంది. నెల రోజుల్లో ఆరు అంచెలు గడిచాక, తెరిచినా కొత్తగా సోకేవారు వెయ్యి నుంచి సుమారు 530కి తగ్గుతారు. రెండో ఊళ్లో ఆర్ 0.95. తెరిస్తే 1.15 అవుతుంది. అదే నెల రోజుల్లో అక్కడ కొత్తగా సోకేవారు వెయ్యి నుంచి సుమారు 2,300కి పెరుగుతారు. ఒకే నిర్ణయం ఒకచోట తట్టుకోగలిగినదైంది, మరోచోట ఆసుపత్రుల మీద మోయలేని భారమైంది.

మొదటి ఊరు కూడా ఉచితంగా ఏమీ పొందలేదన్నది ఇక్కడ మరవకూడదు. బడులు మూసే ఉంచితే నెల తర్వాత కొత్తగా సోకేవారు 530 బదులు 118 మందే ఉండేవారు. ఇంట్లో నెల ఖర్చుకు ఇంత అని పద్దు పెట్టుకున్నట్టుగా, ఆర్ విలువ 1 దాటకుండా ఎంత వెసులుబాటు ఉందో అంతే సమాజం ఖర్చు చేయగలదు. దాన్ని బడుల మీద పెట్టాలా, సినిమా హాళ్లు, హోటళ్లు, వేడుకల మీద పెట్టాలా అన్నదే అసలు బేరం. మూసేటప్పుడు బడులు చివర, తెరిచేటప్పుడు బడులు ముందు ఉండాలని యునిసెఫ్ పదేపదే కోరింది ఈ వరుస గురించే. రెండో ఊరు బడులు తెరవదలిస్తే మరికొన్నిటిని మూయాలి. చాలా దేశాల్లో వినోద స్థలాలు తెరుచుకున్నాక కూడా బడులు మూతపడే ఉన్నాయి. ఆ వరుసను సమర్థించడం చాలా కష్టమని నేను భావిస్తాను.

పిల్లలకు సోకుతుందా, పిల్లలు జబ్బు పడతారా, పిల్లలు అంటిస్తారా

ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్ల చాలా గందరగోళం పుట్టింది. జబ్బు తీవ్రత విషయంలో కోవిడ్ మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. టీకాలు రాకముందు, ప్రధానంగా సంపన్న దేశాల గణాంకాల మీద వేసిన అంచనాల్లో, వైరస్ సోకిన పదేళ్ల పిల్లల్లో మరణాలు లక్షకు ఇద్దరి స్థాయిలో ఉంటే, 65 ఏళ్లవారిలో వెయ్యికి 14 మంది వరకు ఉన్నాయి. పిల్లలకు ముప్పు బొత్తిగా లేదని దీనర్థం కాదు. సోకిన కొన్ని వారాల తర్వాత ఒంట్లోని పలు అవయవాలు వాపుకు గురయ్యే సమస్య కొద్దిమంది పిల్లల్లో కనిపించింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పిల్లల సంగతి వేరుగా చూడవలసి వచ్చింది.

పిల్లలు అంటిస్తారా అన్నదానికి తొలి నెలల్లో దొరికిన జవాబులు తప్పుదారి పట్టించేవిగా ఉండటానికి ఒక కారణముంది. బడులు మూసి ఉన్నందున పిల్లలు బయటివారిని కలిసిందే తక్కువ. కాబట్టి ఇంటికి వ్యాధిని తెచ్చినవారిలో వాళ్లు తక్కువగా కనిపించారు. ఆ తర్వాతి పరిశీలనల్లో తేలిన చిత్రం ఇంకాస్త సంక్లిష్టమైనది. మొదటి రకం వైరస్ చిన్న పిల్లలకు పెద్దవాళ్లకంటే తక్కువగా సోకింది. యుక్తవయసు పిల్లలు ఈ విషయంలో దాదాపు పెద్దవాళ్లలాగే ఉన్నారు. తర్వాత వచ్చిన డెల్టా, ఒమిక్రాన్ రకాలు అన్ని వయసులవారిలోనూ మరింత వేగంగా పాకడంతో పాత అంచనాలను తిరగరాయవలసి వచ్చింది.

డెన్మార్క్, జెరూసలేం: తెరిచిన తీరు

తెరవడమన్న ఒకే మాట కింద ఎంత భిన్నమైన పనులు జరిగాయో ఈ రెండు చోట్ల దగ్గరగా చూడవచ్చు. డెన్మార్క్‌లో కేసులు తగ్గుముఖం పట్టాక, ముందుగా అయిదో తరగతి వరకు పిల్లలే వచ్చారు. వారిని చిన్న గుంపులుగా విడగొట్టారు, బల్లల మధ్య దూరం పెట్టారు, ఒక్కో గుంపు ఒక్కో వేళకు వచ్చేలా చూశారు, రోజంతా వేళ ప్రకారం చేతులు కడిగించారు, వీలైన పాఠాలన్నీ ఆరుబయట చెప్పారు. ఆ తర్వాతి వారాల్లోనూ దేశంలో కేసులు తగ్గుతూనే పోయాయి.

ఇజ్రాయెల్ కూడా కేసులు బాగా తగ్గాకే తెరిచింది. 2020 మే 17 నాటికి అన్ని తరగతులూ మొదలయ్యాయి. జెరూసలేంలోని ఒక ఉన్నత పాఠశాలలో తరగతికి 35 నుంచి 38 మంది విద్యార్థులున్నారు. ఒక్కొక్కరికి దక్కిన చోటు చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. సరిగ్గా ఆ వారంలోనే వడగాలులు వీచాయి. ఎండ తీవ్రత చూసి మూడు రోజులపాటు మాస్కుల నుంచి మినహాయింపు ఇచ్చారు. గదుల్లో ఎయిర్ కండిషనర్లు ఆపకుండా నడిచాయి. మే నెలాఖరులో మొదటి రెండు కేసులు బయటపడ్డాక అందరికీ పరీక్షలు చేస్తే 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి వైరస్ సోకినట్టు తేలింది. ఎండను తట్టుకోవడానికి చేసిన ఏర్పాట్లే ఇక్కడ వైరస్‌కు దారి ఇచ్చాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి డెన్మార్క్ పద్ధతే గెలిచిందని తేల్చేయడం తొందరపాటవుతుంది. వయసులు వేరు, వాతావరణం వేరు, తరగతి పరిమాణం వేరు. కేసులు తక్కువగా ఉన్నంత మాత్రాన కిక్కిరిసిన, గాలి ఆడని గది సురక్షితం కాదని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

స్వీడన్ చూపిన అరుదైన పోలిక

బడుల మూసివేత వ్యాధిని ఎంత తగ్గించిందో కొలవడం ఎందుకు కష్టమంటే, చాలా దేశాలు బడులను ఒక్కటిగా మూయలేదు. అదే వారంలో కార్యాలయాలు, దుకాణాలు, రవాణా అన్నీ ఆగాయి. వ్యాప్తి తగ్గితే ఆ ఘనత దేనిది? అంకెలు ఎన్ని ఉన్నా ఈ చిక్కుముడి విడదు.

స్వీడన్‌లో మాత్రం 2020 వసంతంలో ఒక పోలికకు వీలు దొరికింది. పదహారేళ్ల లోపు పిల్లల బడులను తెరిచే ఉంచి, ఆ పై తరగతులను మార్చి మధ్య నుంచి దూరవిద్యకు మార్చారు. అంటే తొమ్మిదో తరగతి పిల్లలు బడికి వెళ్తుంటే, వారికంటే ఒక్క ఏడాది పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నారు. మిగతా జీవితమంతా దాదాపు ఒకటే. పరిశోధకులు ఆ రెండు వర్గాల తల్లిదండ్రులను పోల్చి చూస్తే, బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు వైరస్ సోకే అవకాశం సుమారు 17 శాతం ఎక్కువగా ఉంది. ఉపాధ్యాయుల మధ్య తేడా చాలా పెద్దది. ఇంటినుంచి పాఠాలు చెప్పిన పై తరగతుల టీచర్లతో పోలిస్తే, బడికి వెళ్లి చెప్పినవారికి అది దాదాపు రెట్టింపు. ఈ టీచర్ల జీవిత భాగస్వాములకు సుమారు 29 శాతం ఎక్కువ.

ఈ అంకెలను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకున్నాయి. తల్లిదండ్రుల విషయంలో పెరుగుదల స్వల్పమే కదా అని తెరవాలన్నవారు అన్నారు. ఉపాధ్యాయులకు రెట్టింపు ముప్పు అని వద్దన్నవారు అన్నారు. నా దృష్టిలో రెండు మాటలూ సరైనవే, రెండూ కలిస్తేనే అధ్యయనం చెప్పింది పూర్తవుతుంది. తెరవడం వల్ల సమాజానికి కలిగే ముప్పు ఒక మోస్తరు. అది అందరి మీదా సమానంగా పడదు, తరగతి గదిలో నిలబడే పెద్దవాళ్ల మీద ఎక్కువగా పడుతుంది. ఆ దేశంలో అప్పటికి బడుల్లో మాస్కుల నియమం లేదు, టీకా ఇంకా రాలేదు. కాబట్టి ఉపాధ్యాయులు టీకాల వరుసలో తమను ముందుంచమని అడిగితే, దాన్ని పని తప్పించుకునే సాకుగా చూడటం అన్యాయం.

మూసివేత ఖరీదు ఎందుకు కనిపించదు

సోకినవారి లెక్క ప్రతి సాయంత్రం వస్తుంది. పాఠం రాని పిల్లల లెక్క ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. ఈ ఒక్క తేడా వల్లే నిర్ణయం ఒకవైపుకు ఒరిగే ప్రమాదముంది.

నెదర్లాండ్స్‌లో 2020లో బడులు ఎనిమిది వారాలు మూతపడ్డాయి. ఇళ్లలో ఇంటర్నెట్ సౌకర్యం అత్యంత మెరుగ్గా ఉన్న దేశాల్లో అది ఒకటి. అయినా ప్రాథమిక తరగతుల పిల్లల పరీక్షా ఫలితాలను మునుపటి ఏళ్లతో పోల్చి చూస్తే, వారు కోల్పోయింది విద్యా సంవత్సరంలో దాదాపు అయిదో వంతు, అంటే బడి మూసి ఉన్న కాలమంత. ఇంట్లో సాగిన చదువు సగటున దాదాపు ఏమీ నేర్పలేదన్నమాట. తల్లిదండ్రులు తక్కువ చదువుకున్న ఇళ్లలో ఈ నష్టం 60 శాతం వరకు ఎక్కువగా ఉంది. ఇంకా ఎక్కువ కాలం బడులు మూసిన భారతదేశంలో, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం ఉంటే, గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో 2022 నాటికి 20.5 శాతానికి పడిపోయారు.

చదువు ఒక్కటే కాదు. ప్రపంచ ఆహార కార్యక్రమం అంచనాలో 2020లో సుమారు 37 కోట్ల మంది పిల్లలకు బడిలో దొరికే భోజనం ఆగిపోయింది. ఇంట్లో హింసకు గురవుతున్న పిల్లల్ని ముందుగా గమనించేది తరచూ ఉపాధ్యాయులే. ఆ చూపు కూడా తొలగిపోయింది. చిన్న పిల్లలు ఇంట్లో ఉండిపోతే ఎవరో ఒకరు ఉద్యోగం తగ్గించుకోవాలి, ఎక్కువ ఇళ్లలో ఆ ఒకరు తల్లి.

ఇదే వాదన నూరేళ్ల కిందట కూడా వినిపించింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో అమెరికాలో ఎక్కువ నగరాలు బడులను మూసినా న్యూయార్క్, షికాగో తెరిచే ఉంచాయి. ఇరుకు ఇళ్లలో, వీధుల్లో తిరిగేకంటే, రోజూ నర్సులు, వైద్యులు పరీక్షించే బడిలో ఉండటమే పిల్లలకు మేలని అక్కడి ఆరోగ్యాధికారులు వాదించారు. బడిలో నిజంగా ఆ వైద్య పరీక్ష ఏర్పాటు ఉన్నప్పుడే ఈ వాదన నిలుస్తుందన్న షరతును మాత్రం గమనించాలి.

తెరవడానికి, మూయడానికి మధ్య

నిర్ణయాన్ని అవును, కాదు అని రెండు ముక్కల్లో చెప్పాల్సిన అవసరం లేదు. ఇంట్లో తెర ముందు కూర్చుని నేర్చుకోవడం చిన్న తరగతులకు అసాధ్యం, పై తరగతులకు కష్టమైనా సాధ్యం. వైరస్‌ను అంటించే విషయంలో వరుస దీనికి తలకిందులు. అందువల్ల చిన్నవారిని ముందు పిలవడం రెండు లెక్కల్లోనూ సబబే.

గాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాదంతా బల్లలు తుడవడం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా కిటికీల మీద పెట్టలేదు. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆరుబయట గాలిలో అది పది లక్షల్లో 400 వంతులకు కాస్త పైన ఉంటుంది. కిటికీలు మూసిన కిక్కిరిసిన గదిలో రెండు మూడు వేలు దాటడం అరుదేమీ కాదు. గోడకు తగిలించిన చిన్న మీటరు ఆ అంకె చూపిస్తే, గదిలోనివారు ఒకరు వదిలిన గాలిని మరొకరు ఎంతగా పీలుస్తున్నారో టీచరుకు అప్పటికప్పుడు తెలుస్తుంది.

తరగతిలో ఒకరికి సోకితే మిగతా అందరినీ పది రోజులు ఇంటికి పంపాలా అన్నది మరో చిక్కు. 2021లో ఇంగ్లండ్‌లో 201 బడుల్లో దీన్ని పరీక్షించారు. సగం బడుల్లో దగ్గరగా మెలిగినవారిని ఇంటికి పంపారు. మిగతా సగంలో వారికి రోజూ పరీక్ష చేసి, నెగెటివ్ వస్తే కూర్చోనిచ్చారు. రెండో పద్ధతిలో వ్యాప్తి చెప్పుకోదగినంతగా పెరగలేదు. రెండు వర్గాల్లోనూ అలా మెలిగినవారిలో వైరస్ సోకింది 2 శాతం లోపే. తర్వాతి వైరస్ రకాలకు ఇది యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. వందలాది మంది పిల్లలు పోగొట్టుకునే రోజుల్ని ముందుజాగ్రత్త పేరుతో వదిలేయకుండా, కొలిచి చూడవచ్చని మాత్రం ఇది నిరూపించింది.

వ్యాధి మారితే జవాబు మారుతుంది

కోవిడ్ అనుభవాన్ని రేపటి మహమ్మారికి నేరుగా అతికించడం ప్రమాదకరం. ఇన్‌ఫ్లుయెంజాలో పిల్లలే వ్యాధిని ముందుగా తెచ్చుకుని ఇంటిల్లిపాదికీ పంచుతారు. 2009 స్వైన్ ఫ్లూ సమయంలో, జనాభాలో ఒక శాతం జబ్బు పడకముందే మూస్తే బడుల మూసివేత బాగా పనిచేస్తుందని, ఆలస్యమైతే ప్రయోజనం తగ్గిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లల్నే చంపే వ్యాధి వస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. అలాగని కొత్త వ్యాధి గురించి ఏమీ తెలియని మొదటి వారాల్లో బడులు మూసిన ప్రభుత్వాలను తప్పు పట్టలేం. తెలిసినకొద్దీ ఆ నిర్ణయాన్ని తిరిగి చూశారా లేదా అన్నదే అడగవలసినది.

తలుపులు తెరిచాక

ఎబోలా వల్ల సియెరా లియోన్‌లో తొమ్మిది నెలలపాటు బడులు మూతపడి 2015 ఏప్రిల్‌లో తెరుచుకున్నాయి. ఆ విరామంలో గర్భవతులైన ఆడపిల్లల్ని మాత్రం తరగతుల్లోకి రానివ్వలేదు. ఆ నిషేధం 2020 మార్చిలో గానీ తొలగలేదు. తెరిచిన బడి అందరికీ తెరిచిన బడి కాకపోవచ్చు.

2005లో పాకిస్తాన్‌లో వచ్చిన భూకంపం తర్వాత దెబ్బతిన్న ప్రాంతంలో బడులు దాదాపు 14 వారాలు నడవలేదు. నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే, అక్కడి పిల్లలు దూర ప్రాంతాల పిల్లలకంటే ఒకటిన్నర నుంచి రెండు విద్యా సంవత్సరాల మేర వెనుకబడి ఉన్నారు. మూడు నెలల లోటు అంతగా పెరగడానికి పరిశోధకులు సూచించిన కారణం, బడి తెరిచాక పాఠాలు మామూలు వరుసలోనే ముందుకు సాగిపోవడం; పునాది తప్పిన పిల్లలకు ఆ పై పాఠాలు అందలేదు. తల్లి ప్రాథమిక విద్య పూర్తి చేసిన ఇళ్ల పిల్లల్లో ఈ వెనుకబాటు కనిపించలేదు. అందువల్ల తెరిచే తేదీతో పాటు ఏ తరగతికి ఏ పాఠం నుంచి మళ్లీ మొదలుపెడతారు, ఇంట్లో చెప్పేవారు లేని పిల్లలకు అదనపు సమయం ఎవరు ఇస్తారు అన్నవి కూడా ఆ ప్రకటనలోనే ఉండాలి.